తీసుకెళ్లే సంచి, తెచ్చుకునే సంచి

ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌కి వెళ్లే మగవాడికి రెండు సంచులుంటాయి. ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్లేది. లుంగీలు, రిపోర్టుల ఫైలు, ఫోన్ చార్జరు, ఫ్లాస్కు. రెండోది ఆసుపత్రి నుంచి తెచ్చుకునేది. తొడ పక్కన వేలాడే యూరిన్ బ్యాగు. మొదటి సంచి సర్దడానికి ఇంట్లో నలుగురూ పోటీపడతారు. రెండో సంచి గురించి ఎవరూ నోరు విప్పరు.

నేను 66వ ఏట ఈ ఆపరేషన్ చేయించుకున్నాను. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చాన్నాళ్లు పనిచేశాను. కాగితం చదవకుండా సంతకం పెట్టబోయిన రైతుల చెయ్యి పట్టుకుని ఆపినవాణ్ణి. అలాంటిది నా కాన్సెంట్ ఫారం మీద మాత్రం చదవకుండానే సంతకం గీకేశాను. భయపడి కాదు, సిగ్గుపడి. అందులో మూత్రం, అంగం, కాపురం గురించిన వాక్యాలున్నాయి. పక్క కుర్చీలో కోడలు కూర్చుంది.

అందుకే ఈ అధ్యాయంలో మత్తు గురించీ కత్తి గురించీ తక్కువే చెబుతాను. అవి డాక్టర్ల పనులు. మన పనులు వేరే ఉన్నాయి. వాటిలో సగం, అడగడానికి నాలుక మడతపడేవే.

ముందు ఏ ఆపరేషనో తేల్చుకోండి

సంగతి బయటపడగానే చుట్టాల్లో ఒకాయన తప్పకుండా ఫోన్ చేస్తాడు. "దానికే ఇంత గాభరానా బావా? నేనూ ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్నాగా, నాలుగో రోజుకి పొలం వెళ్లా" అంటాడు. అబద్ధం కాదు. కాకపోతే ఆయనకి జరిగింది వేరు. వయసుతో పాటు గ్రంథి ఉబ్బి మూత్రం ఆగిపోతే, మూత్రనాళంలోంచి పరికరం పంపి, అడ్డొచ్చిన కండని లోపలే గీకేస్తారు. దాన్ని టీయూఆర్‌పీ అంటారు. గ్రంథి పైచిప్ప అలాగే ఉండిపోతుంది. క్యాన్సర్‌కి చేసేది రాడికల్ ప్రోస్టేటెక్టమీ. గ్రంథి మొత్తాన్ని, దాని వెనక అంటుకుని ఉండే వీర్యకోశాలతో సహా తీసేస్తారు. ఆయన నాలుగో రోజు లెక్క మీకు పనికిరాదు.

ప్రోస్టేట్ ఉసిరికాయంత ఉంటుంది. మూత్రాశయం కింద, ముడ్డిపేగుకి ముందు. మూత్రనాళం దాని మధ్యలోంచే పోతుంది, పూసలోంచి దారం పోయినట్టు. పూస తీసేస్తే దారం తెగుతుంది కదా. ఆ తెగిన కొసని మూత్రాశయం మెడకి తెచ్చి కుట్టేస్తారు. లోపల ఆ కుట్టు అతుక్కునేదాకా మూత్రం దాని మీద ఒత్తిడి పెట్టకుండా పైపులోంచి పోవాలి. తెచ్చుకునే సంచి ఎందుకో ఇదీ కారణం. ఈ ఒక్క ముక్క అర్థమైతే తర్వాత ఆసుపత్రిలో చెప్పే జాగ్రత్తల్లో ముప్పాతిక వంతు మీకే తోస్తాయి.

పొట్ట కోసి చేసినా, చిన్న రంధ్రాల్లోంచి చేసినా, రోబోతో చేసినా లోపల జరిగే పని ఇదే. రోబో తనంతట తాను ఏమీ చెయ్యదు. సర్జను పక్కనే కూర్చుని దాని చేతుల్ని ఆడిస్తాడు. రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేస్తాం, బిల్లు పెరుగుతుంది. మిషను ఏదన్నదాని కంటే దాని వెనక కూర్చున్నాయన ఇలాంటివి ఎన్ని చేశాడన్నది ముఖ్యం. "మీరు ఇప్పటివరకు ఎన్ని చేశారండీ?" అని అడగడం అమర్యాద కాదు. మంచి సర్జనైతే చిరాకు పడకుండా చెబుతాడు.

బయాప్సీకీ ఆపరేషన్‌కీ మధ్య మామూలుగా 6 నుంచి 8 వారాలు ఆగమంటారు. సూదులు గుచ్చిన చోట వాపు తగ్గాలి. క్యాన్సర్ అని తెలిశాక అన్ని రోజులా అని ఇంట్లోవాళ్లు అల్లాడిపోతారు. ఈ జబ్బు చాలామందిలో నెమ్మదిగా నడిచేది కాబట్టి ఆ ఆలస్యం వల్ల కొంప మునగదు. మా అక్కయ్య అమావాస్య దాటాక పెట్టుకోమంది. డాక్టరు నవ్వి, అమావాస్యతో పాటు ఇంకో నాలుగు వారాలు కూడా దాటించాడు. ఆ వారాలు ఖాళీ రోజులు కావు. అసలు తయారీ అంతా అప్పుడే.

టీ తెమ్మని పంపించి అడిగిన మాట

సంతకం సంగతికి మళ్లీ వస్తాను. నేను పెన్ను మూత పెడుతుంటే మా ఆవిడ కోడలితో, "అమ్మా, కింద క్యాంటీన్‌లో టీ దొరుకుతుందేమో చూసి రామ్మా" అంది. తలుపు మూసుకోగానే డాక్టరు వైపు తిరిగి, "బాబూ, ఈయనకి ఆ తర్వాత ఒంటేలు ఆగుతుందా? మేమిద్దరం మునుపటిలా ఉండొచ్చా?" అని అడిగింది. నలభై ఏళ్ల కాపురంలో నేను ఆవిణ్ణి అంత మెచ్చుకోలుగా చూసింది లేదు. ఆ కుర్ర డాక్టరు కూడా కంగారుపడలేదు. కాగితం తిరగేసి బొమ్మ గీశాడు.

మూత్రాన్ని పట్టి ఉంచే కవాటాలు రెండు. ఒకటి మూత్రాశయం మెడ దగ్గర ఉంటుంది. ఆపరేషన్‌లో దానికి దెబ్బ తగులుతుంది. ప్రోస్టేట్‌కి కింద ఉన్న రెండోదే ఇక మొత్తం భారం మొయ్యాలి. అందుకే పైపు తీశాక మొదట్లో దగ్గినా తుమ్మినా లేచినా కారుతుంది. కొందరికి వారాల్లో, చాలామందికి నెలల్లో, ఏడాదిలోపు తగ్గిపోతుంది. కొద్దిమందికి కొంత మిగిలిపోతుంది. దానికీ చికిత్స ఉంది.

రెండో ప్రశ్నకి జవాబు ఇంత సూటిగా ఉండదు. అంగం గట్టిపడటానికి కావలసిన నరాలు ప్రోస్టేట్‌కి రెండు పక్కలా, దానికి అతుక్కున్నట్టే పోతాయి. ఒకప్పుడు అవి ఎక్కడున్నాయో సరిగ్గా తెలియక ఆపరేషన్‌తో పాటు అవీ పోయేవి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో డాంకర్ అనే ఆయనతో కలిసి వాటి దారి గుర్తించిన పాట్రిక్ వాల్ష్, 1982లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేశాడు. ఇప్పుడు వీలైనచోటల్లా అలాగే చేస్తున్నారు. వీలు అంటే, క్యాన్సర్ ఆ నరాల దాకా రాకుండా ఉంటే. కాపాడినా అవి తేరుకోవడానికి ఒకటి రెండేళ్లు పట్టవచ్చు. వయసు, షుగరు, అంతకు ముందు ఎలా ఉండేదన్నది కూడా లెక్కలోకి వస్తాయి. మాత్రలున్నాయి, ఇతర సాయాలూ ఉన్నాయి. ఒకటి మాత్రం ఖాయం. తృప్తి కలిగినా వీర్యం రాదు, దాన్ని తయారుచేసే భాగాలే తీసేస్తారు కాబట్టి. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్లు వీర్యాన్ని ముందే భద్రపరుచుకోవడం గురించి అడగాలి.

"నా ఒంట్లో నరాలు రెండు పక్కలా కాపాడగలరా, ఒక పక్కనా, అసలు కుదరదా?" అన్న ప్రశ్న ఆపరేషన్‌కి ముందే వెయ్యండి. భార్య పక్కన ఉండగా వెయ్యండి. తర్వాత ఇద్దరూ ఎవరికి వారు మనసులో కుమిలిపోయే పని తప్పుతుంది.

కూర్చున్న చోటే చేసే కసరత్తు

ప్రోస్టేట్‌కి కింద ఉన్న ఆ రెండో కవాటానికి బలం ఇచ్చే కసరత్తుని కీగల్ అంటారు. ఆర్నాల్డ్ కీగల్ అనే అమెరికన్ స్త్రీవైద్యుడు కాన్పుల తర్వాత ఆడవాళ్లకి మూత్రం కారకుండా ఉండేందుకు దీన్ని 1948లో చెప్పాడు. ఆడవాళ్ల కసరత్తు మనకేంటి అనకండి. కండ ఇద్దరికీ ఉంది.

నలుగురిలో గ్యాస్ వస్తుంటే బిగబట్టుకుంటామే, ఆ బిగింపే. పొట్ట, పిరుదులు, తొడలు కదలకూడదు, ఊపిరి ఆపకూడదు. 5 సెకన్లు బిగించి, అంతసేపూ వదిలెయ్యండి. 10 సార్లు చేస్తే ఒక విడత, రోజుకి మూడు విడతలు. ఆపరేషన్‌కి కనీసం మూడు నాలుగు వారాల ముందు మొదలుపెట్టాలి. పై కవాటం దెబ్బతిన్నాక పట్టు నేర్చుకోవడం కష్టం. నేను టీవీ సీరియల్లో ప్రకటనలొచ్చినప్పుడల్లా చేసేవాణ్ణి. మన సీరియల్స్‌లో విడతలు తక్కువ పడే భయం లేదు. పైపు ఉన్న రోజుల్లో మాత్రం ఆపెయ్యాలి. తీశాక డాక్టరు చెప్పగానే మళ్లీ అందుకోవాలి.

దీనితో పాటు రోజూ అరగంట నడక. బీడీ, సిగరెట్ అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగ తాగినవాడి ఊపిరితిత్తులు మత్తు తర్వాత కఫంతో సతాయిస్తాయి. దగ్గిన ప్రతిసారీ కుట్లు గుర్తొస్తాయి.

బిళ్లల డబ్బా బోర్లించండి

మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రాసిన చీటీ కాదు, ఇంట్లో ఉన్న మందుల డబ్బానే పట్టుకెళ్లండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే బిళ్లల్ని ఎప్పుడు ఆపాలో ఆయన చెబుతాడు. గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు గుండె డాక్టర్ని అడక్కుండా సొంతంగా ఆపారో, ప్రోస్టేట్ సంగతి తర్వాత, గుండెకే ముప్పు. షుగరు బిళ్లల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వాటిని సాధారణంగా 3 రోజుల ముందు ఆపిస్తారు. లేకపోతే ఒంట్లో ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది, అదీ షుగరు రీడింగు మామూలుగా కనిపిస్తూనే. బీపీ బిళ్లల్లో కొన్ని ఆ పొద్దున వేసుకోమంటారు, కొన్ని వద్దంటారు. మీరు ఊహించొద్దు, రాయించుకోండి.

డబ్బాలో లేనివీ ఉంటాయి. వెల్లుల్లి గుళికలు, అశ్వగంధ పొడి, చుట్టం తెచ్చిన కషాయం. ఇవి "మందులు" కావని డాక్టరుకి చెప్పం. కానీ వీటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే గది అద్దె పరిమితి ముందు చూడండి. మీ పాలసీ ఒప్పుకున్న దానికంటే ఖరీదైన గది తీసుకుంటే, చాలా పాలసీల్లో గది తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజుతో సహా మిగతా ఖర్చుల్లోనూ ఆ నిష్పత్తిలో కోత పడుతుంది. రోబో ఆపరేషన్‌కి విడిగా పరిమితి ఉందేమో అడగండి. ప్రభుత్వ పథకాల మీద వెళ్లేవాళ్లు, అది తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ అయినా, ముందుగా ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రని కలవాలి. 70 ఏళ్లు నిండినవాళ్లకి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. మీరు చేరే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

సంచిలో ఏం పెట్టాలి

మూడు లుంగీలు. ప్యాంటు, పైజమా వద్దు. పైపు ఉన్న మనిషికి లుంగీని మించిన బట్ట ఇంకా పుట్టలేదు. ముందు గుండీలుండే చొక్కాలు. జారని చెప్పులు. చిన్న తువ్వాళ్లు రెండు (ఎందుకో తర్వాత చెబుతాను). ఒక ప్యాకెట్ ప్యాడ్లు. కొత్త చోట వెతుక్కోకుండా మీ ఊళ్లోనే కొనుక్కోండి. మా వీధి మందుల షాపులో నేను గొంతు తగ్గించి అడిగితే, ఆ అబ్బాయి ఇంకా గొంతు తగ్గించి "ఎవరికి సార్?" అన్నాడు. "మా నాన్నగారికి" అన్నాను. మా నాన్న పోయి పంతొమ్మిదేళ్లు.

సంచిలో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. ఉంగరం, మెడలో గొలుసు ఇంట్లోనే వదలండి. మొలతాడు ఇంటి దగ్గరే తీసెయ్యండి. థియేటర్ గుమ్మంలో వార్డుబాయ్ కత్తెరతో కత్తిరిస్తుంటే, చిన్నప్పుడు అమ్మ కట్టిన చోటు బోసిపోయినట్టై నాకు కళ్లు చెమర్చాయి. ఆ క్షణంలో అక్కర్లేని బాధ. కట్టుడు పళ్లకి మూత ఉన్న డబ్బా తీసుకెళ్లండి. కింది భాగంలో వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. బ్లేడు గాట్లలోంచే చీము పడుతుంది. అక్కడ వాళ్లే మిషనుతో కత్తిరిస్తారు.

ముందు రాత్రి తేలికగా తినాలి. మత్తుకి ముందు గట్టి తిండి మామూలుగా 6 నుంచి 8 గంటలు, మంచినీళ్లు 2 గంటలు ఆపాలంటారు. మీకు చెప్పిన గడియారాన్నే పాటించండి. "గుక్కెడు కాఫీయేగా" అని దొంగతనంగా తాగిన పాలకాఫీ వల్ల ఆపరేషన్ వాయిదా పడ్డవాళ్లున్నారు.

వార్డులో మొదటి రెండు రోజులు

థియేటర్ గురించి నాకు గుర్తున్నది చలి, తెల్లటి దీపాలు, "పేరు చెప్పండి తాతగారూ" అన్న ఒక గొంతు. అంతే. కళ్లు తెరిచేసరికి ముఖం ఉబ్బి ఉంది. రోబోతో చేసేటప్పుడు తల కిందికీ కాళ్లు పైకీ ఉండేలా బల్లని బాగా వంచుతారు, ఆ ఉబ్బు దానివల్ల. ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. పొట్ట పక్కన సన్నని డ్రెయిన్ గొట్టం, కాళ్లకి బిగుతు మేజోళ్లు, కింద పైపు.

నొప్పి నేను అనుకున్న చోట రాలేదు. కుడి భుజంలో వచ్చింది. గుండెపోటేమో అనుకుని సిస్టర్‌ని పిలిస్తే, "గ్యాస్ సార్" అని వెళ్లిపోయింది. లోపల చోటు కోసం పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. కాస్త మిగిలిపోయి పొట్టకీ ఛాతీకీ మధ్య పొరని రాపిడి చేస్తే, ఆ పొర నరం భుజంలో పలుకుతుంది. నడిస్తే తగ్గుతుంది. అయినా ఛాతీలో నొక్కినట్టున్నా, ఆయాసం వచ్చినా గ్యాసని మీరే తీర్పు చెప్పుకోకండి. వెంటనే చెప్పండి.

నడక అదే సాయంత్రమో మర్నాడు పొద్దున్నో మొదలవుతుంది. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అంతకు మించిన మందు లేదు. పొట్ట మీద సన్న సూది ఇంజెక్షన్లు కూడా అందుకే. వాటిని ఇంటికెళ్లాక కొన్ని వారాలు కొనసాగించమనవచ్చు. నేను మొదటిసారి లేచినప్పుడు ఒక చేతిలో సెలైన్ స్టాండు, ఇంకో చేత్తో లుంగీ. బ్యాగు ఎవరు పట్టుకోవాలి? మా బావమరిది దాన్ని ఛాతీ ఎత్తున, ఆరతి పళ్లెం పట్టినట్టు పట్టుకుని నడిచాడు. డ్యూటీ డాక్టరు కేకేశాడు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుంది, దానితో క్రిములూ పోతాయి. మంచం కమ్మీకి తగిలించండి, నేల మీద పెట్టొద్దు.

ఊపిరితిత్తుల కోసం మూడు బంతుల పరికరం ఒకటి ఇస్తారు. మా వార్డులో సగం మంది దాన్ని బూర ఊదినట్టు ఊదుతున్నారు. ఊదడం కాదు, పీల్చాలి. నెమ్మదిగా పీల్చి బంతుల్ని లేపి, కాసేపు నిలపాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు.

ఇప్పుడు తువ్వాళ్ల సంగతి. రెండో రోజుకో మూడో రోజుకో వృషణాల సంచి ఉబ్బి, నల్లగా కమిలిపోవచ్చు. లోపలి నీరు, రక్తం కిందికి దిగడం వల్ల వచ్చేదే, వారం పది రోజుల్లో పోతుంది. తువ్వాలుని చుట్టగా చుట్టి కింద ఎత్తు పెడితే హాయిగా ఉంటుంది. నా పక్క మంచం పెద్దాయన ఇది చూసి, ఏదో ఘోరం జరిగిందనుకుని, ఒక రాత్రంతా ఎవరికీ చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేడీ సిస్టర్‌కి చూపించలేక. ఆవిడ రోజూ ఇలాంటివి ఇరవై చూస్తుంది.

హఠాత్తుగా "ఇప్పుడే వెళ్లాలి" అన్నట్టు కింద మెలిపెట్టి, పైపు పక్కనుంచి కాస్త కారితే, అది మూత్రాశయం ముడుచుకోవడం. పైపు లోపలి కొసన ఉన్న నీటి బుడగ దాన్ని కెలుకుతుంటుంది. ముక్కొద్దు, పైపు లాగొద్దు. దానికి విడిగా బిళ్ల ఉంది, అడగండి. ముడ్డిలోంచి ఇచ్చే ఎనిమా, బిళ్ల, థర్మామీటర్ లాంటివి మాత్రం మీ సర్జను ఒప్పుకుంటే తప్ప వద్దు. ఆ పేగు గోడ కుట్టుకి ఆనుకునే ఉంటుంది. ఇంటికెళ్లాక మోషన్ రాలేదని ఆర్‌ఎంపీని పిలిస్తే ఆయన మొదట తీసేది అదే. ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి, అక్కడ మర్నాడే పంపించేస్తారు, మిమ్మల్ని నాలుగు రోజులు ఎందుకుంచారని వాదించాడు. అక్కడ పంపిస్తారు, నిజమే. మన దగ్గర డ్రెయిన్ తీశాకే, గ్యాస్ పోయి ఇడ్లీ ఇమిడాకే పంపడం ఎక్కువ. పొట్ట కోసి చేసినవాళ్లు ఇంకొన్ని రోజులుంటారు.

సంచితో ఇంటికి

పైపు 7 నుంచి 14 రోజులుంటుంది. తొడకి ప్లాస్టర్‌తో అంటించి ఉందో లేదో రోజూ చూసుకోండి. వేలాడే పైపు లోపలి కుట్టుని లాగుతుంది. రోజుకి రెండుసార్లు, పైపు బయటికొచ్చే అంగం కొసని సబ్బునీళ్లతో కడగాలి. బ్యాగు మూడింట రెండు వంతులు నిండేలోపే ఖాళీ చెయ్యాలి, ముందూ వెనకా చేతులు కడుక్కుని. నీళ్లు, మజ్జిగ కలిపి రోజుకి 2, 3 లీటర్లు తాగాలి (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు అడిగి). మోషన్‌కి ముక్కకుండా ఇసబ్గోలో, డాక్టరు రాసిన సిరప్పో వాడండి. గొంతుకూర్చునే దొడ్డి అయితే కొన్నాళ్లకి కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. ఆరు వారాలు 5 కిలోలకి మించి బరువెత్తొద్దు. గ్యాస్ బండ, నీళ్ల బిందె, మనవడు, ముగ్గురూ నిషిద్ధం. స్కూటరు కూడా.

నడిచాక, మోషన్ అయ్యాక మూత్రం గులాబీ రంగులో వస్తే నీళ్లు ఎక్కువ తాగండి. చిక్కగా ఎర్రగా గడ్డలు పడినా, రెండు మూడు గంటలుగా బ్యాగులో చుక్క పడకపోయినా, 101 డిగ్రీల జ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరాడకపోయినా అర్ధరాత్రయినా బయల్దేరండి. పైపు జారి ఊడిపోతే దగ్గర్లో ఎవరితోనో మళ్లీ పెట్టించుకోవద్దు. పచ్చి కుట్టులోంచి గుడ్డిగా పెడితే అది చిరుగుతుంది. మీ సర్జనుకే ఫోన్ చెయ్యండి. ఆ నంబరు ఫోన్‌లోనే కాదు, క్యాలెండరు మీద కూడా రాసి పెట్టండి.

ఈ రోజుల్లోనే తీసిన గ్రంథి రిపోర్టు వస్తుంది. అంచుల్లో క్యాన్సర్ ఉందా లేదా అన్నది అందులో చూడాల్సిన మాట. ఆరు వారాల తర్వాత, ఆ గ్రంథి తయారుచేసే పీఎస్ఏ ఎంతుందో రక్తపరీక్ష చేయిస్తారు. గ్రంథే లేదు కాబట్టి అది దాదాపు సున్నాకి, 0.1 కంటే కిందికి రావాలి. ఈ రెండూ చేతికొచ్చేదాకా "అంతా తీసేశారుగా, అయిపోయింది" అని ఊరందరికీ ఫోన్లు చెయ్యకండి.

పైపు తీసే రోజు, మనం భయపడినంత ఏమీ ఉండదు. సిరంజితో బుడగలోని నీళ్లు లాగేస్తారు, ఒక్క ఊపిరిలో పైపు బయటికొస్తుంది, కాస్త మంట. భయపడాల్సింది తర్వాతి నిమిషం గురించి. లేచి నిలబడేసరికి మీకు తెలియకుండానే కారిపోతుంది. ప్యాడ్లు నాలుగు, మార్చుకోవడానికి బట్టలు ఒక జత పట్టుకెళ్లండి. తెల్ల పంచె కట్టుకెళ్లొద్దు. శుక్రవారం కదా, అటునుంచి గుడికి పోదామని నేను కట్టుకెళ్లాను. బల్ల దిగి నాలుగడుగులు వేసి, కిందికి చూసుకుని, అక్కడే ఆగిపోయాను. మా ఆవిడ ఏమీ అనకుండా తన చేతిసంచిలోంచి నల్ల ప్యాంటు తీసిచ్చింది.